ఇంజిన్ ఆపి చూసిన ఆయిల్

"ఆపకు, ఆపకు! ఇంజిన్ ఆపేసి ఏం చూస్తావ్, నా మొహం చూస్తావా?" అని చోంగ్ కేకేశాడు.

తాళం మీద నుంచి చెయ్యి తీసేశాను. రానౌ బజారు వెనక చోంగ్ షెడ్డులో నా వ్యాను కొన్ని వారాలుగా పడి ఉంది. గేర్‌బాక్సు విప్పి, లోపల మాడిపోయిన పలకలు తీసేసి, కొత్తవి వేసి, ఆయిల్ పైపు కూడా మార్చి మళ్లీ బిగించాడు. దించిన పాత ఆయిల్‌ని ఒక పెయింటు డబ్బాలో పట్టి ఉంచి, నేను రాగానే చూపించాడు. ఎర్రగా ఉండాల్సినది కాఫీ డికాక్షన్‌లా ఉంది, మాడు వాసన వేస్తోంది. బాగుంది అన్నాను. ఆ రోజుల్లో ఎవరేం చూపించినా బాగుందనే అంటున్నాను.

"బ్రేకు తొక్కిపట్టు గైబిన్ అన్నా. గేరు రాడ్డుని ఒక్కో గడిలోకీ నెమ్మదిగా లాగు. వెనక్కి, న్యూట్రల్, ముందుకి, అన్నీ. ఒక్కోచోట కాస్త ఆగు, ఆయిల్ అన్ని సందుల్లోకీ పోవాలి. ఆఁ, ఇప్పుడు పార్కింగ్‌లోకి తెచ్చి దిగిరా. ఇంజిన్ అలా తిరగనీ."

దిగాను. ఆయిల్ కొలిచే సన్నటి కడ్డీని అతను గొట్టంలోంచి పైకి లాగాడు. గుడ్డతో తుడిచి, లోపలికంటా దించి, మళ్లీ లాగాడు. కడ్డీ చివర రెండు గాట్లున్నాయి. ఎర్రటి తడి వాటి మధ్యకి వచ్చి ఆగింది.

"ఇలా ఉండాలి. పైపు కొత్తది కదా, కుదురుకునేదాకా కాస్త చెమరుస్తుంది. అప్పుడప్పుడూ ఇలాగే చూసుకో. బండి వేడెక్కాక చూడు, చదునైన చోట పెట్టి చూడు. కింది గాటుకి దిగితే ఈ గొట్టంలోనే సన్న గరాటు పెట్టి కొంచెం కొంచెం పొయ్యి. పొయ్యడం, చూడ్డం, పొయ్యడం, చూడ్డం. బిందె నింపినట్టు గుమ్మరించకు, ఎక్కువైతే నురగ కడుతుంది."

"ఇంజిన్ ఆపి చూస్తే?"

"ఆపితే పైకెక్కిన ఆయిలంతా కిందకి దిగిపోతుంది కదా. సగం లేకపోయినా నిండుగానే చూపిస్తుంది. కొన్ని కంపెనీల కార్లకి ఆపే చూడాలిలే, అది వేరే. మీ బావమరిది కారు అలాంటిదే. నీ వ్యానుకి ఆపి చూడ్డమంటే చచ్చినోడి నాడి పట్టుకున్నట్టే." ఆ మాట అనేశాక చోంగ్ నాలిక్కరుచుకున్నాడు. అతని చూపు ఇంట్లో చావుకి గుర్తుగా నా చొక్కా చేతికి గుచ్చుకున్న నల్ల గుడ్డముక్క మీద పడింది. తడబడి ఇంకో మాటందుకున్నాడు. "అది కాదన్నా, నీ సీటు వెనక ఆయిల్ సీసా ఉంది. మూత కూడా తియ్యలేదు. అది పెట్టుకుని కూడా ఘాటు మీద ఎలా ఆగిపోయావా అని..."

"ఆయిల్ నిండుగా ఉందనుకున్నాం," అన్నాను.

అతను కడ్డీని గొట్టంలోకి దించి బానెట్ మూశాడు.  ఆ సీసా మూత ఎందుకు తియ్యలేదో ఆ క్షణంలో నాకు పూర్తిగా తెలిసిపోయింది. బండి ఘాటు మీద ఆగడానికి ముందురోజు కడ్డీ లాగి చూసింది నా బావమరిది లోజిమోన్. ఇంజిన్ ఆపి చూశాడు.

లోజిమోన్ నా భార్య జుమిలిన్‌కి ఆఖరి తమ్ముడు. వాడు పాకే వయసులోనే తల్లి పోతే, జుమిలిన్ చంకనేసుకుని పెంచింది. నేను పెళ్లి చేసుకున్నప్పుడు పెళ్లికూతురితోపాటు వీడూ నా ఇంటికొచ్చేశాడు. మా ఊళ్లో ఇప్పటికీ నన్ను ‘ఒకటి అడిగితే రెండు ఇచ్చారు’ అని ఏడిపిస్తారు. పెరిగి పెద్దవాడై, రోస్నిని చేసుకుని పక్క గట్టు మీద ఇల్లు కట్టుకున్నాక కూడా అన్నం మాత్రం మా ఇంట్లోనే తినేవాడు. నోరు మూతపడదు. వాడికొక పాత కారుంది. దాన్ని కడిగి, తుడిచి, నూనెలు చూసి, కన్నకూతురిని ముస్తాబు చేసినట్టు చేస్తాడు. బండ్ల గురించి వాడికి తెలిసిందంతా ఆ ఒక్క కారు నేర్పిందే.

ఆ ముందురోజు సాయంత్రం మా వ్యాను కింద సిమెంటు మీద ఎర్రటి చుక్కలు కనిపించాయి. వాడు గొంతుక్కూర్చుని వేలితో అద్ది వాసన చూశాడు.

"గేర్ ఆయిల్ బావా. ఉండు చూస్తా."

బండి మధ్యాహ్నం నుంచీ కదల్లేదు. వాడు బానెట్ ఎత్తి కడ్డీ లాగాడు, తన బనీనుకే తుడిచాడు, దించి లాగి ఆకాశం వైపు పెట్టి చూశాడు.

"నిండుగా ఉంది. గాటు దాటి ఉంది. ఏదో నాలుగు చుక్కలు కారింది, అంతే. నీకు మరీ భయమెక్కువ."

"సరిగ్గా చూశావుట్రా?" అని వంటింటి కిటికీలోంచి జుమిలిన్ అడిగింది.

"నీ మొగుడిలా కళ్లజోడు నెత్తిమీద పెట్టుకుని వెతకలేదక్కా, కళ్లతోనే చూశా!"

ఆమె నవ్వింది. నిజంగానే నా కళ్లజోడు నా నెత్తి మీదే ఉంది.

మర్నాడు పొద్దున ఆమె ఉల్లికాడలు కట్టలు కడుతోంది. చేతిలో కత్తి పక్కన పెట్టి, గుండెల్లో ఎవరో పిడికిలి బిగించినట్టుంది అంది. జ్వరమొచ్చినా పొలానికి పోయే మనిషి, తనంతట తనే అలా అందంటే ఆలోచించడానికేముంది? వ్యాను ముందు సీట్లో కూర్చోబెట్టి బయలుదేరాను. మా ఊరు లోయలో ఉంది. పెద్ద రోడ్డు ఎక్కాలంటే ఒకటే ఘాటు, ముక్కుకి తగిలేటంత నిటారుగా. సగం ఎక్కాక ఇంజిన్ గట్టిగా అరిచింది, చక్రాలు కదల్లేదు. ఆపి, కాసేపాగి మళ్లీ తిప్పితే కొంచెం కదిలింది, మళ్లీ ఆగింది. అక్కడ ఫోను పనిచేయదు. చాలాసేపటికి క్యాబేజీ లారీ ఒకటి వచ్చింది. డ్రైవరూ నేనూ ఆమెని ఎత్తి లారీలో పడుకోబెట్టాం. ఆసుపత్రికి చేరేసరికి ఊపిరి లేదు. అక్కడున్న కుర్ర డాక్టరు నేల చూస్తూ, ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే ఏదైనా చేసేవాళ్లం అన్నాడు.

నేను ఏడవలేదు. పళ్ల డాక్టరు ఇచ్చిన మత్తు దిగకపోతే దవడ ఎలా ఉంటుందో, మనిషినంతా అలా ఉన్నాను. అందరూ ఏడుస్తుంటే వాళ్లకి కుర్చీలు వేశాను. పెట్టె మీద మట్టి పోశాక చేతులు కడుక్కుని, శవం మోసినవాళ్లు అన్నం తిన్నారా అని కనుక్కున్నాను. మా అన్న భార్య, మా వదిన నన్ను వాటేసుకుని గుండె పగిలేలా ఏడుస్తుంటే, ఆమె జుట్టుకి పట్టుకున్న చిన్న గడ్డిపరక తీసేశాను. నాకు గుర్తున్నది అదే.

ఏడో రాత్రి ప్రార్థన అయ్యాక మా ఊరి పెద్ద కిన్సువాన్ లేచి అందరి ముందూ ఎప్పుడూ అడిగేదే అడిగాడు. ఈ చావు గురించి ఈ ఇంటికి ఎవరి మీదైనా ఏమైనా ఉందా అని. ఉంటే అప్పుడే చెప్పాలి. తప్పు చేసినవాడు సొగిట్ ఇస్తాడు. తప్పుని బట్టి కోడో, పందో, దున్నో. దాన్ని కోసి అందరూ కలిసి తింటే, ఆ తప్పు వల్ల ఊరికి పట్టిన వేడి దిగిపోతుంది. చర్చికి వెళ్లేవాళ్లమైనా ఈ ఒక్కటీ మేం మానలేదు.

"ఎవరి మీదా ఏమీ లేదు. బండి ఆగింది, అంతే," అన్నాను.

ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. ఎంత పెద్ద మనసు అన్నారు. నాకు పెద్దదో చిన్నదో అసలు మనసంటూ ఉంటే కదా.

ఆ మాట అన్నప్పుడు నాకేమీ తెలియదు. చోంగ్ షెడ్డు నుంచి వ్యాను తోలుకుంటూ ఇంటికొస్తున్నప్పుడు తెలుసు. పొగమంచు కుండసాంగ్ తోటల మీదకి దిగుతోంది. అదే ఘాటు, అదే మలుపు, ఈసారి బండి పిల్లిలా మెత్తగా దిగింది. లోజిమోన్‌కి చెప్పకూడదని అక్కడే నిర్ణయించుకున్నాను. తనని పెంచిన అక్కని తన చేత్తోనే చంపుకున్నానని తెలిస్తే వాడు బతకడు. ఎలాగూ ఊరందరి ముందూ ఏమీ లేదనేశాను. నోరు మూసుకుని ఉండటం నాకేమీ కష్టం కాదు. నోరు తెరవడమే కష్టంగా ఉంది ఆ రోజుల్లో.

ఆ తర్వాత తరచూ బండిని కాసేపు తిప్పి వచ్చి, వాకిట్లో ఇంజిన్ తిరుగుతుండగానే కడ్డీ లాగి చూసుకునేవాణ్ణి. తగ్గితే గరాటు పెట్టి ధారగా పోసేవాణ్ణి. నిజం చెప్పాలంటే నాకు మిగిలిన పనుల్లో అదొక్కటే కాస్త నచ్చేది. రెండు గాట్ల మధ్య ఉంటే చాలు, అంతకంటే ఏమీ అడగదు. నేను బానెట్ ఎత్తినప్పుడల్లా లోజిమోన్ కోళ్లకి గింజలు వెయ్యాలనో, ఫోనొచ్చిందనో ఇంటి వెనక్కి వెళ్లిపోయేవాడు. నేను పట్టించుకోలేదు. వాడి జోకులు మాత్రం ఆగలేదు. కాకపోతే పులిసిపోయాయి. రోస్ని చేత అడవి మామిడి పచ్చడీ, చేపలూ పంపించేవాడు. ఎదురుగా కూర్చుని నేను తిన్నానో లేదో చూసి వెళ్లేవాడు.

ఒక ఆదివారం సంతకి క్యాబేజీ వేసుకుని బయలుదేరాం. వాడి కారుకి టైరు పోయిందని వాడి టమాటా బుట్టలు కూడా నా వ్యానులోనే ఎక్కించాడు. ఘాటెక్కి పెద్ద రోడ్డు మీదకి రాగానే గేరు పడటంలో చిన్న కుదుపు వచ్చింది. వాడు బానెట్ వైపు తల వంచి విన్నాడు. చర్చి ముందు చదునుగా ఉంటే అక్కడ ఆపాను.

"నువ్వు కూర్చో బావా, నేను చూస్తా," అన్నాడు వాడు గబగబా. "అటు జరుగు. నీ నడుం నొప్పితో ఎక్కీ దిగీ..."

నేను పక్క సీట్లోకి జరిగాను. వాడు డ్రైవరు సీట్లోకి వచ్చి బ్రేకు తొక్కిపట్టాడు. గేరు రాడ్డుని ఒక్కో గడిలోకీ నెమ్మదిగా లాగాడు, ఒక్కోచోట ఆగాడు, పార్కింగ్‌లోకి తెచ్చాడు. ఇంజిన్ ఆపకుండా దిగి బానెట్ ఎత్తాడు. నేనూ దిగాను. వాడు కడ్డీ లాగి, తుడిచి, దించి, మళ్లీ లాగాడు.

అడగాలనుకోలేదు. నోరు దానంతటదే అడిగేసింది.

"ఇంజిన్ ఆపలేదేంరా?"

 కడ్డీ నుంచి ఎర్రటి చుక్క ఒకటి జారి వాడి చెప్పు మీద పడింది.

"ఈ బండికి ఆపకూడదు," అన్నాడు.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"చోంగ్ బండి ఇచ్చిన రోజు నుంచి."

"నాకంతకు ముందు నుంచే. అక్కని మట్టిచేసిన మర్నాడు వ్యానుని తాడు కట్టి చోంగ్ దగ్గరకి లాక్కెళ్లింది నేనే కదా బావా. ఇంజిన్ తిప్పుతూ లాగితే కడ్డీ చివర పొడిగా ఉంది. ఆపి లాగితే నిండుగా ఉంది. చోంగ్‌కి ఏమీ తెలీదు, వాడి పాటికి వాడు ఈల వేసుకుంటున్నాడు. నాకు ఇంకెవరూ చెప్పక్కర్లేకపోయింది."

"మరి ఇన్నాళ్లూ చెప్పవేం?"

వాడికి కోపం వచ్చింది. నా మీద లోజిమోన్ గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు.

"ఎప్పుడు చెప్పాలి? ఎక్కడ చెప్పనిచ్చావు నువ్వు? ఏడో రాత్రికి నా పందిని కాళ్లు కట్టి మరీ ఉంచాను, తెలుసా నీకు? పెద్దయ్య అడగ్గానే లేచి నిలబడదామని ముందు వరసలో కూర్చున్నా. నువ్వు నాకంటే ముందే ఎవరి మీదా ఏమీ లేదని ధర్మాత్ముడిలా చేతులు దులిపేసుకున్నావు. పోయినదానికి సొంతదారువి నువ్వు. నువ్వే వద్దన్నాక ఇంక నేనెవరికివ్వాలి, ఏమని ఇవ్వాలి? నాలుగు గోడల మధ్య పందిని కోసుకుని నేనొక్కణ్ణే తినాలా?"

"నిన్ను కాపాడదామనే..."

"అప్పుడు నీకు తెలీదు కదా! తెలియకుండా ఏం కాపాడావ్? నన్నంటావు గానీ, ఆ రాత్రి నువ్వూ కడ్డీ చూడకుండానే నిండుగా ఉందనేశావు." వాడు చేతిలో గుడ్డ కిందకి విసిరికొట్టాడు. తర్వాత గొంతు దించాడు. "నా ఇంట్లో ఏదీ బాగోట్లేదు బావా. వరసపెట్టి కోళ్లు చస్తున్నాయి. నేను పక్కమీద దొర్లుతుంటే రోస్నికి నిద్ర పట్టడం లేదు. ఆ వేడి నా నెత్తి మీదే ఉంది."

"కోళ్లు చచ్చేది తెగులొచ్చిరా."

"నీకన్నీ తెగుళ్లే. నన్ను సొగిట్ అడుగు బావా. ఒక్కసారి అడుగు. తిట్టు. ఒక్క లెంపకాయైనా కొట్టు."

కొట్టాలేమోనని నాకూ అనిపించింది. కోపం కోసం లోపలంతా వెతికాను. ఏమీ దొరకలేదు. చర్చిలోంచి పాట వినిపిస్తోంది, ఎవరో శ్రుతి తప్పి పాడుతున్నారు. వాడు ఇన్నాళ్లూ నవ్వుతూ నవ్విస్తూ నా ఎదురుగా కూర్చుని ఏం మింగుతున్నాడో నాకిప్పుడు తెలిసింది. అయినా నాలో ఏదీ కదల్లేదు. ఎవరి తప్పున్నా నేను క్షమించేశానని ఊరంతా అనుకుంటోంది, వాడూ అనుకున్నాడు. నేను క్షమించలేదు. అసలు క్షమించేదాకా వెళ్లనేలేదు.

"సరే పద," అన్నాను. "ముందు సంతకి పోదాం. క్యాబేజీ వాడిపోతుంది. వచ్చేటప్పుడు పెద్దయ్య దగ్గర ఆగుదాం."

వాడు కింద పడ్డ గుడ్డ తీసి దులిపి, గరాటు పెట్టి ఆయిల్ పోశాడు. కొంచెం పోసి, చూసి, మళ్లీ కొంచెం పోసి, చూసి. ఒక్క చుక్క కూడా బయట పడలేదు.

సంతలో మేమిద్దరం పక్కపక్కనే కూర్చుని అమ్ముకున్నాం. వాడు ఎవరితోనూ పరాచికాలాడలేదు. అక్కడ టీ అమ్మే ముసలమ్మ, "ఏంరా లోజిమోన్, ఇవాళ నోటికి తాళమేశావేంటి? మీ ఆవిడ తాళంచెవి పట్టుకెళ్లిందా?" అని కవ్వించినా తల వంచి టమాటాలు తుడుస్తూనే ఉన్నాడు.

మేం వెళ్లేసరికి కిన్సువాన్ పెద్దయ్య వసారాలో వక్కాకు నములుతున్నాడు. ఒకప్పుడు బస్సు నడిపిన మనిషి. ఇప్పటికీ ఎవరితో మాట్లాడినా వెనక సీటువాడికి వినిపించేలా మాట్లాడతాడు.

"రండి రండి. ఇద్దరూ కలిసి వచ్చారంటే ఏదో పీకల మీదకి తెచ్చుకునే ఉంటారు. కూర్చోండి."

"సొగిట్ అడగడానికొచ్చాను పెద్దయ్యా," అన్నాను.

ఆయన దవడ ఆగింది. "ఎవర్ని?"

"వీణ్ణి."

ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. లేచి వెళ్లి వక్క ఉమ్మేసి వచ్చి కూర్చున్నాడు. "ఏమీ లేదని ఊరందరి ముందూ అన్నావు గైబిన్. నేను ఇప్పుడు ఉమ్మానే, దాన్ని మళ్లీ తెచ్చి నోట్లో వేసుకోమంటావా?"

"ఆ రోజు నాకేమీ తెలియదు. తెలిసినా అదే అనేవాణ్ణి. ఆ రోజు నాకు ఏదీ పట్టలేదు పెద్దయ్యా. మిమ్మల్ని త్వరగా పంపించేస్తే చాలుననుకున్నాను."

 ఆయన గడ్డం గోక్కుంటూ అన్నాడు. "అన్నమాట వెనక్కి తీసుకోవచ్చు. పోయినవాళ్లకి సొంతదారు స్వయంగా వచ్చి అడిగితే తీసుకోవచ్చు. అది సరే. కానీ చావు సొగిట్‌లో తోడబుట్టినవాళ్లకీ వాటా ఉంటుంది. జుమిలిన్‌కి మిగిలిన తోడబుట్టినవాడు వీడొక్కడే. అంటే ఇచ్చేదీ వీడే, పుచ్చుకునేదీ వీడే. నా జన్మలో ఇలాంటి తగువు చూళ్లేదు."

"మధ్యలో పంది ఒక్కటే చస్తుంది," అన్నాడు లోజిమోన్, అలవాటుకొద్దీ. అని తనే తల దించుకున్నాడు. 

"వీడి వాటా వీడికిద్దాం పెద్దయ్యా. వీడికీ పోయింది కదా," అన్నాను.

"అలాగే కానీ. పద్ధతి తెలుసుగా గైబిన్? జరిగిందంతా మొదట్నుంచీ చెప్పు. వాడి మొహం చూస్తూ చెప్పు. ఏదీ దాచకు. నువ్వు దాచుకున్నది నీ ఇంట్లోనే ఉండిపోతుంది. తర్వాత పంది కాదు కదా, దున్నని కోసినా పోదు."

లోజిమోన్ నా ఎదురుగా మఠం వేసుకుని కూర్చున్నాడు. వాడి మొహం చూస్తూ మొదలుపెట్టాను. ఎవరికో దారి చెబుతున్నట్టు చెప్పుకుపోయాను. సిమెంటు మీద ఎర్ర చుక్కలు. నువ్వు కడ్డీ లాగావు. ఇంజిన్ ఆపి ఉంది. నిండుగా ఉందన్నావు. పొద్దున ఉల్లికాడలు. ఘాటు. ఇంజిన్ అరిచింది, బండి కదల్లేదు. ఆపి మళ్లీ తిప్పాను, మళ్లీ ఆగింది. ఆ తర్వాత క్యాబేజీ లారీ వచ్చింది.

ఎవరికి చెప్పినా నేను అక్కణ్ణుంచి లారీలోకే వెళ్లిపోతాను. డాక్టరుకీ అలాగే చెప్పాను, మా వదినకీ అలాగే చెప్పాను. ఈసారి లారీ దగ్గర నాలుక ఆగిపోయింది.

"లారీ రాకముందు," అన్నాను.

"ఊఁ, చెప్పు," అన్నాడు పెద్దయ్య.

"లారీ రాకముందు, ఆయిల్ పోసి చూస్తానుండు అన్నాను మీ అక్కతో. దిగబోతుంటే చెయ్యి పట్టుకుంది. చెయ్యంతా చల్లటి చెమట. ‘ఆయిల్ కాదులే. మా చిన్నోడు చూశాడుగా. వాడు చూశాడంటే చూసినట్టే. నువ్వెక్కడికీ వెళ్లకు, నా దగ్గరుండు’ అంది. నేను దిగలేదు. ఆయిల్ పోయలేదు. చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఆ తర్వాత మీ అక్క మాట్లాడలేదు."

వాడికి తగలాలనే చెప్పాను. చెబుతుండగానే కోపం వచ్చింది, ఇన్నాళ్లూ రానిదంతా ఒక్కసారిగా. వాడి మీద, వాడి బనీను మీద, వాడు కడ్డీని ఆకాశానికి పెట్టి చూసిన పోజు మీద కోపం. వాణ్ణి అంతలా నమ్మినందుకు ఆమె మీద కూడా. నా చెవులు వేడెక్కిపోయాయి. వాడు కుప్పకూలిపోతాడనుకున్నాను. కూలిపోతే చూడాలనుకున్నాను, అబద్ధం ఎందుకు.

వాడు కూలిపోలేదు. మోకాళ్ల మీద పాక్కుంటూ నా దగ్గరకి జరిగాడు.

"అక్క అలా అందా?"

"అంది."

"చిన్నోడు అనే అందా? పేరు పెట్టి అనలేదా?"

"లేదు. చిన్నోడు అనే అంది."

"మళ్లీ చెప్పు బావా. నువ్వు చెప్పినట్టు కాదు. అక్క అన్నట్టు చెప్పు."

వాడి కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకోవడం లేదు. నాకొచ్చిన కోపం ఏమైందో తెలియదు. మళ్లీ చెప్పాను, ఈసారి ఆమె ఆయాసపడుతూ అన్నట్టే. పెద్దయ్య వసారా చివరికి వెళ్లి అటు తిరిగి నిలబడ్డాడు.

"ఇంకొక్కసారి," అన్నాడు లోజిమోన్.

ఆయిల్ కాదులే అన్నాను. మా చిన్నోడు చూశాడుగా అన్నాను. వాడు చూశాడంటే చూసినట్టే అన్నాను. అదంతా వాడిది. మిగిలినది నాది. ‘నువ్వెక్కడికీ వెళ్లకు’ దాకా అన్నాను. ఆ తర్వాతి మాట అనలేకపోయాను, ఏడుపొచ్చేసింది.